మరణాసన్నుని మంచము ప్రక్కన సంఘము: కారుణ్య మరణ చర్చపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

2004 డిసెంబరులో హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో కె. వెంకటేష్ అనే ఇరవై అయిదేళ్ళ యువకుడు వెంటిలేటర్ సహాయముతో ఊపిరి తీసుకుంటున్నాడు. కండరాలను క్రమక్రమముగా క్షీణింపజేసే మస్కులర్ డిస్ట్రఫీ అతని వ్యాధి. ఒకప్పుడు చదరంగము ఆటగాడుగా పేరు తెచ్చుకున్నవాడు. తాను ఇక కోలుకోనని అతనికి తెలుసు. ఇన్ఫెక్షన్ సోకి తన అవయవాలు పనికిరాకుండా పోకముందే వాటిని తీసి ఇతరులకు అమర్చాలని, అందుకోసము తన ప్రాణము కొంత ముందుగా పోయినా ఫరవాలేదని అతడు కోరుకున్నాడు. తల్లి ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు పెట్టింది. మెదడు మరణించినట్లు నిర్ధారణ కాని వ్యక్తి నుండి అలా అవయవాలు తీసుకోవడానికి చట్టము ఒప్పుకోదని కోర్టు ఆ పిటిషనును త్రోసిపుచ్చింది. అదే నెలలో వెంకటేష్ కన్నుమూశాడు. అతని కళ్ళు మాత్రము దానముగా ఇవ్వగలిగారు.

ఆ వార్త దేశమంతటా చర్చకు వచ్చింది. తరువాత మరుగున పడింది. అయితే ఆ మంచము ప్రక్కన పుట్టిన ప్రశ్న మాత్రము నేటికీ మన సేవకులను వెంటాడుతూనే ఉంది. అర్ధరాత్రి ఐ.సి.యు. బయట నిలబడిన ఒక కుటుంబము తమ పాస్టరుగారికి ఫోను చేస్తుంది. “అయ్యగారూ, డాక్టర్లు ఇక ఆశ లేదంటున్నారు. మిషను తీసేయమంటే మేము నాన్నను చంపినట్లవుతుందా? దేవుని ముందు అది పాపమా?” అని అడుగుతుంది. ప్రార్థన చేద్దామని చెప్పి ఫోను పెట్టేయడము తప్ప మరేమి చెప్పాలో తెలియని పరిస్థితి మనలో చాలామందికి అనుభవమే.

నయము కాని వ్యాధితో ఉన్నవారు కోరితే వారి మరణానికి సహాయము చేయడాన్ని చట్టబద్ధము చేయవచ్చునా అనే చర్చలో సంఘము పోషించిన పాత్రను ఈ వ్యాసములో చారిత్రకముగా పరిశీలించడానికి ప్రయత్నిస్తాము. మా వాదన రెండు మాటలలో చెప్పవచ్చు. ఒకటి, ఈ చర్చలో తరచుగా కలగాపులగమయ్యే రెండు ప్రశ్నలను విడదీసి చూపినది సంఘ సంప్రదాయమే. రెండు, మరణము కోరేవానికి సంఘము చెప్పిన “వద్దు” అనే మాట, ఆ మంచము ప్రక్కన నిలిచి సేవ చేసినప్పుడు మాత్రమే నమ్మదగినదిగా ఉన్నది.

రెండు ప్రశ్నలు

మన పత్రికలు “కారుణ్య మరణము” అనే ఒకే మాటను చాలా వేర్వేరు పనులకు వాడుతుంటాయి. వైద్యుడు ప్రాణము తీసే ఇంజెక్షను ఇవ్వడము ఒకటి. రోగి తానే మ్రింగడానికి ప్రాణాంతకమైన మందును వైద్యుడు వ్రాసి ఇవ్వడము ఇంకొకటి. ప్రయోజనము లేని చికిత్సను ఆపివేసి వ్యాధిని దాని మార్గములో పోనివ్వడము మూడవది. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ వంటి మందు ఇస్తూ, దానివలన ఆయుష్షు కొంత తగ్గవచ్చునని తెలిసినా నొప్పినే లక్ష్యముగా పెట్టుకోవడము నాలుగవది.

మొదటి రెండింటిలో అడుగుతున్న ప్రశ్న: “నాకు మరణము ఇస్తారా?” చివరి రెండింటిలోని ప్రశ్న: “మరణాన్ని వాయిదా వేసే ప్రతి సాధనాన్నీ నేను వాడి తీరాలా?” ఈ రెండూ ఒకటే అనుకొనే సేవకుడు రెండు విధాలుగా పొరబడతాడు. వెంటిలేటర్ వద్దన్న కుటుంబాన్ని హంతకులుగా నిందిస్తాడు. లేదా, దయ పేరుతో దేనినైనా ఒప్పుకుంటాడు.

లేఖనాలలో మరణాన్ని కోరినవారు

మరణము కోరుకొనడము అవిశ్వాసుల లక్షణమని కొందరు బోధిస్తారు. లేఖనము అలా చెప్పదు. మోషే (సంఖ్యాకాండము 11:15), ఏలీయా (1 రాజులు 19:4), యోనా (యోనా 4:3), యోబు (యోబు 3వ అధ్యాయము) అందరూ ఏదో ఒక ఘడియలో చావును కోరినవారే. బదరీవృక్షము క్రింద పడుకున్న ఏలీయాకు దేవుడు ముందుగా ఉపదేశము చేయలేదన్నది గమనించాలి. నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రశ్న ఆ తరువాతే వచ్చింది.

సౌలు మరణ వృత్తాంతము ఈ చర్చలో తరచుగా ఉదహరించబడుతుంది. గాయపడిన రాజు కోరికమేరకు తానే చంపానని చెప్పిన అమాలేకీయుని దావీదు శిక్షించాడు (2 సమూయేలు 1:1-16). అయితే ఆ శిక్షకు దావీదు చెప్పిన కారణము, చనిపోయినవాడు యెహోవా అభిషిక్తుడు అనేది. పైగా 1 సమూయేలు 31వ అధ్యాయములోని వృత్తాంతము ప్రకారము సౌలు తన కత్తిమీద తానే పడ్డాడు. కాబట్టి ఈ భాగాన్ని నేటి వైద్యునికి సూటిగా అన్వయించడము వ్యాఖ్యాన సూత్రాలకు తగినది కాదు. ఒకటి రెండు వచనాలతో తేలే విషయము కాదిది. అందుకే సంఘ చరిత్రను ఆశ్రయించవలసి వస్తున్నది.

సాధారణ సాధనాలు, అసాధారణ సాధనాలు

ఆత్మహత్యను అగస్టీను “దేవుని పట్టణము” మొదటి గ్రంథములో నిరాకరించాడు. పదమూడవ శతాబ్దములో తోమా అక్వినాసు దానికి మూడు కారణాలు చెప్పాడు. అది మనిషికి సహజమైన ఆత్మరక్షణకు విరుద్ధము; సమాజానికి చేసే అన్యాయము; జీవము దేవుని వరము గనుక దానిపై అంతిమాధికారము ఆయనది. పాశ్చాత్య దేశాల చట్టాలకు ఈ బోధే ఆధారమయింది.

అయితే అదే సంప్రదాయములో రెండవ ప్రశ్నకు కూడా జవాబు రూపొందింది. పదహారవ శతాబ్దములో స్పెయిను దేశములోని సలమాంకాలో బోధించిన ఫ్రాన్సిస్కో డి విటోరియా ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. కోడిమాంసము వంటి ఖరీదైన ఆహారము తింటే బ్రతుకుతావని వైద్యుడు చెబితే, రోగి దానిని తినితీరాలా? అక్కరలేదు అన్నది అతని జవాబు. మనిషి తన ప్రాణాన్ని తీసుకోకూడదు. కాని దానిని పొడిగించడానికి ఉన్న ప్రతి సాధనాన్నీ వాడవలసిన బాధ్యత అతనికి లేదు. అదే శతాబ్దాంతములో డొమింగో బాన్యేజ్ దీనికి “సాధారణ సాధనాలు, అసాధారణ సాధనాలు” అనే పేర్లు పెట్టాడు. న్యాయమైన నిరీక్షణ ఇస్తూ, భరించరాని బాధ, ఖర్చు కలిగించనివి సాధారణమైనవి. నిరీక్షణ లేకుండా భారమును మాత్రమే మిగిల్చేవి అసాధారణమైనవి.

వెంటిలేటర్ వచ్చిన తరువాత ఈ పాత బోధకు క్రొత్త అవసరము ఏర్పడింది. 1957 నవంబరులో మత్తుమందు వైద్యులతో మాట్లాడుతూ పోపు పన్నెండవ పయస్, శ్వాసయంత్రము వంటి అసాధారణ సాధనాలను వాడి తీరాలనే విధి లేదని స్పష్టము చేశాడు. మనము ప్రొటెస్టెంటు సంఘాలకు చెందినవారమైనా, ఈ విషయములో ఆ వారసత్వము మనది కూడా.

1936: లండనులో ఒక చర్చ

ఆత్మహత్యకు సహాయము చేయడాన్ని నేరముగా పరిగణించిన 1860 నాటి భారత శిక్షాస్మృతి బ్రిటిషు పాలకులు చేసినది. కాబట్టి మన దేశ చర్చకు ముందు బ్రిటనులో ఏమి జరిగిందో చూడడము అవసరము.

1935లో అక్కడ స్వచ్ఛంద కారుణ్య మరణాన్ని చట్టబద్ధము చేయాలని ఒక సంఘము ఏర్పడింది. దాని స్థాపకుడు లెస్టర్ నగర ఆరోగ్యాధికారి డాక్టరు కిలిక్ మిలార్డ్. ఆశ్చర్యమేమంటే, ఆ ఉద్యమాన్ని బలపరచినవారిలో క్రైస్తవ బోధకులు కూడా ఉన్నారు. లండనులోని సెయింట్ పాల్ కథీడ్రల్ డీనుగా 1934 నుండి పనిచేసిన డబ్ల్యు. ఆర్. మాథ్యూస్ దానిని బాహాటముగా సమర్థించాడు. క్రైస్తవులందరూ ఎప్పుడూ ఒకే మాట చెప్పారనడము చరిత్రకు విరుద్ధము.

1936 డిసెంబరు 1న లార్డ్ పాన్సన్‌బీ ఆ బిల్లును ప్రభువుల సభలో ప్రవేశపెట్టాడు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కాస్మో లాంగ్ దానిని వ్యతిరేకించాడు. రాజవైద్యుడు లార్డ్ డాసన్ కూడా వ్యతిరేకించాడు. ఇటువంటివి వైద్యుని విచక్షణకు వదలాలి గాని, చట్టము వ్రాయకూడదన్నది డాసన్ వాదన. 35 మంది వ్యతిరేకముగా, 14 మంది అనుకూలముగా ఓటు వేయగా బిల్లు ఓడిపోయింది.

అయిదు దశాబ్దాల తరువాత, 1986లో, డాసన్ స్వయముగా వ్రాసిపెట్టుకొన్న మాటలు వెలుగులోకి వచ్చాయి. ఆ బిల్లు చర్చకు రావడానికి కొద్ది నెలల ముందు, 1936 జనవరి 20 రాత్రి, మరణశయ్యపై ఉన్న అయిదవ జార్జి రాజుకు అతడే మార్ఫిన్, కొకెయిన్ ఇంజెక్షన్లు ఇచ్చి మరణాన్ని త్వరపెట్టాడు. వార్త సాయంకాలపు పత్రికలలో గాక, గౌరవనీయమైన ఉదయపు పత్రికలో రావాలన్నది కూడా అతడు వ్రాసుకున్న కారణాలలో ఒకటి. రాజు కోరినట్లు అందులో లేదు.

ఈ సంఘటన నుండి సేవకులు నేర్చుకోవలసినది ఉంది. సభలో “వద్దు” అన్న వైద్యుడే తలుపు మూసిన గదిలో వేరుగా ప్రవర్తించాడు. చట్టము లేనంత మాత్రాన ఆ పని జరగదని చెప్పలేము. కేవలము “వద్దు” అని ఓటు వేయడముతో రోగి బాధకు జవాబు దొరకలేదు.

జర్మనీ నేర్పిన భయము

మూడేళ్ళకే ఈ చర్చ మీద చీకటి కమ్మింది. 1939 సెప్టెంబరు 1వ తేదీ వేసిన ఒక పత్రములో హిట్లర్, నయము కానివారికి “కారుణ్య మరణము” ఇచ్చే అధికారాన్ని కొందరు వైద్యులకు అప్పగించాడు. 1941 ఆగస్టులోగా డెబ్బయి వేలకు పైగా మానసిక రోగులు, వికలాంగులు గ్యాసు గదులలో చంపబడ్డారు. పాస్టరు పాల్ బ్రౌన దీనిపై వివరమైన అభ్యంతర పత్రము పంపి 1940లో అరెస్టయ్యాడు. బెతెల్ సంస్థలో మూర్ఛరోగులను, వికలాంగులను సంరక్షిస్తున్న పాస్టరు ఫ్రెడ్రిక్ ఫాన్ బోడెల్‌ష్వింగ్ అధికారులతో పోరాడుతూ వారిని కాపాడడానికి ప్రయత్నించాడు. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ పులపీఠము మీద నుండి దానిని హత్య అని ప్రకటించాడు. అదే నెలలో గ్యాసు గదుల కార్యక్రమాన్ని ఆపమని ఆజ్ఞ వచ్చింది. కాని వేరే రూపాలలో చంపడము కొనసాగింది.

ఇక్కడ న్యాయముగా మాట్లాడాలి. జర్మనీలో చంపబడినవారు మరణము కోరలేదు. నేడు సహాయ మరణ చట్టాలు కోరేవారు రోగి స్వచ్ఛందమైన అభ్యర్థననే ఆధారము చేసుకుంటున్నారు. వారిని నాజీలతో పోల్చడము అన్యాయము. అయితే చరిత్ర మిగిల్చిన ప్రశ్న మాత్రము నిజమైనదే: ఎవరి ప్రాణము విలువైనదో నిర్ణయించే అధికారము ఒకసారి బలవంతుల చేతికి వెళితే, బలహీనులకు రక్షణ ఎవరు?

ఒక కిటికీ కథ

బ్రిటనులో సంఘానికి మెరుగైన జవాబు సభలో గాక ఆసుపత్రి వార్డులో దొరికింది. నర్సుగా శిక్షణ పొంది, సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్న సిసిలీ సాండర్స్ 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండు యూదుని పరిచర్య చేసింది. అతడు క్యాన్సరుతో, బంధువులెవరూ లేకుండా లండనులో చనిపోతున్నాడు. మరణించేవారికి ఒక ఇల్లు ఉండాలని వారిద్దరూ మాట్లాడుకునేవారు. ఆ ఇంటికి ఒక కిటికీగా ఉంటానని చెప్పి అతడు 500 పౌండ్లు ఆమెకు వదిలి వెళ్ళాడు.

నొప్పిని గూర్చి ఎవరైనా మాట వినాలంటే వైద్యురాలు కావాలని గ్రహించి, సాండర్స్ ముప్పయి దాటిన వయస్సులో వైద్యవిద్యలో చేరి 1957లో పట్టా పొందింది. 1967లో దక్షిణ లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభమయింది. నొప్పి వచ్చిన తరువాత గాక, అది తిరిగి రాకముందే క్రమము తప్పకుండా మార్ఫిన్ ఇవ్వడము ఆమె పద్ధతి. శరీరము, మనస్సు, కుటుంబము, ఆత్మ అన్నింటిలోను బాధ ఉంటుందని చెప్పి దానికి “సంపూర్ణ వేదన” అని పేరు పెట్టింది. కారుణ్య మరణ చట్టాన్ని ఆమె జీవితాంతము వ్యతిరేకించింది. కాని ఆమె “వద్దు” అన్నప్పుడు ఆ మాట వెనుక ఒక మంచము, ఒక మందు, ఒక మనిషి ఉన్నారు. 1936 నాటి “వద్దు”కూ, దీనికీ ఉన్న వ్యత్యాసము అదే.

మన దేశ న్యాయస్థానాలలో

ఇప్పుడు మన దేశానికి వద్దాము. ఇక్కడ చర్చ ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరముగా చెప్పిన 309వ సెక్షనుతో మొదలయింది. 1986లో బొంబాయి హైకోర్టు ఆ సెక్షను చెల్లదని చెప్పింది. అదే దశాబ్దములో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెన్నా జగదీశ్వర్ కేసులో అది చెల్లుతుందని చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము పి. రత్తినం కేసులో ఆ సెక్షనును కొట్టివేసింది. రెండేళ్ళకే, 1996 మార్చిలో, గ్యాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును రద్దు చేసింది. జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడి లేదని తేల్చింది. అయితే మరణ ప్రక్రియ ఇప్పటికే ప్రారంభమైనవాని విషయములో గౌరవముగా మరణించడము జీవించే హక్కులో భాగమేనని కూడా సూచించింది. సలమాంకాలో విడదీసిన రెండు ప్రశ్నలు ఢిల్లీలో మళ్ళీ విడివడడము మొదలయింది.

వెంకటేష్ మరణించిన మరుసటి సంవత్సరము, 2005లో, కామన్ కాజ్ అనే సంస్థ గౌరవప్రదమైన మరణము కోసము సుప్రీంకోర్టులో పిటిషను వేసింది. 2006లో లా కమిషను తన 196వ నివేదికలో, చికిత్స వద్దనే రోగికీ, దానిని మన్నించే వైద్యునికీ చట్ట రక్షణ ఉండాలని సిఫారసు చేసింది. ఆ కమిషను అధ్యక్షుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు. సహాయ మరణము మాత్రము నేరముగానే ఉండాలన్నది ఆ నివేదిక దృక్పథము.

తరువాత అరుణా షాన్‌బాగ్ కేసు వచ్చింది. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సుగా ఉన్న ఆమెపై 1973 నవంబరు 27న అక్కడి పారిశుద్ధ్య కార్మికుడు ఒకడు కుక్క గొలుసు మెడకు బిగించి దాడి చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మరల మామూలు మనిషి కాలేదు. ఆమెకు ఆహారము ఇవ్వడము ఆపాలని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టును కోరింది. 2011 మార్చి 7న కోర్టు ఆ కోరికను నిరాకరించింది. ఆమె తరఫున నిర్ణయించే యోగ్యత ఇన్నేళ్ళు ఆమెను సాకిన ఆసుపత్రి సిబ్బందికి ఉన్నదనీ, వారు ఆమె బ్రతకాలని కోరుకుంటున్నారనీ చెప్పింది. అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను ఉపసంహరించడానికి మొదటిసారిగా దారి తెరచింది. ఆస్తికోసము బంధువులు దీనిని దుర్వినియోగము చేయవచ్చుననే భయాన్ని న్యాయమూర్తులు దాచలేదు.

అరుణ 2015 మే 18న న్యుమోనియాతో మరణించింది. దశాబ్దాల తరబడి మంచము మీదనే ఉన్న ఆమెకు ఒక్క పుండు కూడా పడలేదని కోర్టు నియమించిన వైద్యులు గమనించారు. తరాలు మారినా ఆసుపత్రి నర్సులు ఆమెను కడిగారు, ప్రక్కకు తిప్పారు, తినిపించారు. ఈ విషయము మీద మనము వ్రాసే వ్యాసాలన్నింటికంటె ఆ నర్సుల చేతులు ఎక్కువ మాట్లాడాయని మా అభిప్రాయము.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కామన్ కాజ్ పిటిషనుపై తీర్పు ఇచ్చింది. గౌరవముగా మరణించడము జీవించే హక్కులో భాగమని స్థిరపరచింది. స్పృహలో ఉన్నప్పుడే, “నయము కాని స్థితిలో నాకు ఈ చికిత్స వద్దు” అని వ్రాసిపెట్టే ముందస్తు నిర్దేశమును, అనగా లివింగ్ విల్‌ను, అంగీకరించింది. దానిపై మేజిస్ట్రేటు సంతకము కావాలన్న నిబంధన ఆచరణలో కష్టమయింది. 2023 జనవరి 24న కోర్టు దానిని సడలించింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ పొందితే చాలునన్నది. చికిత్స ఆపడానికి ముందు ఆసుపత్రిలో ముగ్గురు వైద్యుల ప్రాథమిక బోర్డు, ఆపైన మరొక బోర్డు ఒప్పుకోవాలి. ప్రాణము తీసే మందు ఇవ్వడానికి మాత్రము ఈ తీర్పులు ఏవీ అనుమతి ఇవ్వలేదు.

ఈ వెలుగులో వెంకటేష్ కోరికను తిరిగి చూస్తే, అందులో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయని తెలుస్తుంది. యంత్రము వద్దనే మాట మటుకు అయితే 2018 తరువాత దానికి వినే చెవి ఉండేది. అవయవాల కోసము ప్రాణము ముందుగా తీయాలనే మాట వేరు. అది ఎంత ఉదారమైన హృదయము నుండి వచ్చినా, ఒకని మరణాన్ని మరొకరి మేలుకు సాధనముగా చేస్తుంది.

అవతలి వాదన

సహాయ మరణాన్ని కోరేవారిని మనము తేలికగా చూడరాదు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్ర ప్రజలు 1994లో ఓటు వేసి తెచ్చుకొన్న చట్టము 1997లో అమలులోకి వచ్చింది. ఆరు నెలలకు మించి బ్రతకరని ఇద్దరు వైద్యులు నిర్ధారించినవారికి, వారే తీసుకొనేలా ప్రాణాంతకమైన మందు వ్రాసి ఇవ్వడానికి అది అనుమతిస్తుంది. నెదర్లాండ్స్, బెల్జియము 2002లో, కెనడా 2016లో ఇంకా విస్తృతమైన చట్టాలను అమలులోకి తెచ్చాయి. బ్రిటనులో సామాన్యుల సభ 2015లో ఇటువంటి బిల్లును 330–118 ఓట్లతో తిరస్కరించింది. పదేళ్ళకు, 2025 జూన్ 20న, అదే సభ మరొక బిల్లును 314–291తో ఆమోదించి ప్రభువుల సభకు పంపింది.

ఈ మార్పు సంఘములోను కనిపించింది. ఒకప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జార్జి క్యారీ 2014లో తన పాత అభిప్రాయాన్ని మార్చుకున్నట్లు ప్రకటించాడు. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు 2016లో, తన 85వ పుట్టినరోజు నాటికి, తనకు కూడా ఆ అవకాశము ఉండాలని వ్రాశాడు. జాతి వివక్షకు ఎదురు నిలిచిన మనిషి మాట అది. దేవుని దయ, బాధను తొలగించాలి గాని పొడిగించకూడదన్నది వీరి వాదన సారాంశము. ఆ వాదనలోని కనికరము నిజమైనది.

అయినా మేము దానితో ఏకీభవించలేకపోతున్నాము. మన సమాజములో ముసలి తల్లి తరచుగా పలికే మాట “మీకు భారమైపోయాను” అన్నది. ఆమె కోరిక స్వేచ్ఛ నుండి వస్తున్నదో, ఆసుపత్రి బిల్లు నుండి వస్తున్నదో ఎవరు కొలవగలరు? మందులకు పొలము అమ్ముకున్న ఇంట్లో “నన్ను పోనివ్వండి” అనే మాట స్వచ్ఛందమైనదని చట్టము నమ్మవచ్చు. కాపరి నమ్మలేడు. జవాబు ఆమెకు మరణము ఇవ్వడములో లేదు. ఆమె భారము కాదని తెలిసేలా ప్రక్కన నిలబడడములో ఉన్నది.

సేవకుల బాధ్యత

మరి మనము నిలబడ్డామా? తెలుగు నేల మీద సంఘానికి మంచి చరిత్ర ఉంది. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్, డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల మధ్య డాక్టరు ఇసబెల్ కెర్ చేసిన సేవ మనకు తెలిసినదే. కాని నయము కాని క్యాన్సరు రోగి ఇంటికి వెళ్ళిన మనలో కొందరు, విశ్వాసము ఉంటే లేస్తావని చెప్పి, లేవనివానిని రెండవసారి గాయపరచిన మాట కూడా నిజమే. స్వస్థత ప్రార్థన చేయడము తప్పు కాదు. స్వస్థత రానివాని ఇంటికి వెళ్ళడము మానివేయడము తప్పు.

ఉపశమన చికిత్స మన దేశములో 1986లో ముంబయిలోని శాంతి అవేదనా సదన్‌తో హాస్పిస్ రూపము దాల్చింది. 1993లో కోళికోడ్‌లో మొదలైన సొసైటీ ఇంటింటికీ వెళ్ళి సేవ చేసే పద్ధతిని కేరళమంతా వ్యాపింపజేసింది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టము వలన మార్ఫిన్ దొరకడము ఎంతో కష్టమయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సులభము చేశారు. హైదరాబాదులోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఇటువంటి విభాగము ఉంది. తన ప్రాంతములో ఈ సేవ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడము ప్రతి సేవకుని అధ్యయనములో భాగము కావాలి.

ఇక ఐ.సి.యు. బయట నుండి వచ్చిన ఆ ఫోనుకు ఏమి చెప్పాలి? నిర్ణయము వైద్యులదీ, కుటుంబానిదీ, సాధ్యమైతే రోగిదీ. సేవకుడు అక్కడ న్యాయాధిపతి కాడు. కాని ఒక మాట ధైర్యముగా చెప్పగలడు. “నయము చేయలేని యంత్రాన్ని వద్దనడము మీ నాన్నను చంపడము కాదు. ఆయన చేతిని దేవుని చేతిలో పెట్టడము కావచ్చు” అని. ఆ మాట చెప్పేముందు రెండు విషయాలు విచారించాలి. చికిత్స నిజముగా నిష్ప్రయోజనమా, లేక డబ్బు లేక ఆపుతున్నారా? డబ్బు లేకపోతే అది సంఘము చందా ఎత్తవలసిన విషయము గాని, వేదాంతము చెప్పవలసిన విషయము కాదు. యంత్రము తీసిన తరువాత నొప్పికి, ఆయాసానికి మందు అందుతుందా? అందకపోతే అడగవలసినవాడు సేవకుడే.

ముగింపు

యోబు స్నేహితులు మాట్లాడడము ప్రారంభించిన తరువాత చేసిన తప్పులు మనకు బాగా తెలుసు. కాని అంతకుముందు ఏడు దినములు, ఏడు రాత్రులు నేలమీద అతని ప్రక్కన మౌనముగా కూర్చున్నారని యోబు 2:13 చెబుతుంది. ఆ ఏడు దినములు వారు చేసినదే సరియైన పరిచర్య.

సహాయ మరణ చట్టము కోసము మన దేశములో కూడా ఒకనాడు గట్టి ప్రయత్నము జరగవచ్చు. ఆనాడు సంఘము నోరు తెరవవలసి ఉంటుంది. అప్పుడు లోకము మన వాదన కంటె ముందుగా మన చేతులను చూస్తుంది. లండనులో 1936 నాటి “వద్దు” ఎవరికీ గుర్తు లేదు. ఒక యూదుడు ఇచ్చిన కిటికీ నేటికీ గుర్తుంది. మన సంఘాలలో మరణాసన్నులైన వారి ఇండ్లు ఎన్ని ఉన్నాయో, ఈ వారము వాటిలో ఎన్నింటికి వెళ్ళామో లెక్క చూచుకోవడముతో మనము ఆ సిద్ధపాటును ప్రారంభించవచ్చును.